పూత కింద ఏముంది?



ఇల్లినాయ్ రాష్ట్రంలో షికాగో తర్వాత అన్నిటికంటే పెద్ద ఊరు అరోరా. ఫాక్స్ నదికి రెండు పక్కలా పరుచుకున్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడ సుమారు 1,80,000 మంది తేలారు. మన తెలుగువాళ్లకు అరోరా అంటే ముందుగా గుర్తొచ్చేది సల్లివన్ రోడ్డు మీది వెంకటేశ్వరస్వామి గుడి. నేపర్‌విల్ నుంచీ, ఇంకా దూరపు ఊళ్ల నుంచీ శని ఆదివారాల్లో అక్కడికి కార్లు బారులు తీరతాయి. చలికాలంలో ఆ కార్ల అడుగుభాగం ఒకసారి చూడండి. తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. అది మంచు కాదు, ఉప్పు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఉప్పు గురించి, అది తినేసే ఇనుము గురించి, ఆ ఇనుమును కాపాడుకోవడానికి మనం వేయించే పూతల గురించి.

నవంబరు చివరి నుంచి మార్చి దాకా ఇక్కడి రోడ్ల మీదా, గుమ్మాల ముందు మెట్ల మీదా ఉప్పు చల్లుతూనే ఉంటారు. అమెరికా మొత్తం మీద రోడ్లకు చల్లే ఉప్పు ఏటా 2 కోట్ల టన్నుల దాకా ఉంటుందని అంచనా. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, వేడి ఇంకా దిగాలి. అయితే మైనస్ 9, 10 డిగ్రీలు దాటి చలి ముదిరితే మామూలు ఉప్పు అంతగా పని చేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కూడా వాడతారు. ఈ రెండింటికీ గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. అందుకే అవి అంటుకున్న ఇనుము వాన లేని రోజున కూడా తడిగానే ఉంటుంది. తుప్పుకు కావలసింది ఆ తడే. ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. నీటిలో ఉప్పు ఉంటే అందులో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పెయింటు బుడగల్లా ఉబ్బి, చిట్లి, పెచ్చులుగా రాలిపోవడానికి కారణం అదే.

ఏప్రిల్లో మంచు పూర్తిగా కరిగాక మెట్ల పక్కన పట్టుకునే రెయిలింగు అడుగున చూస్తే ఆ పెచ్చులు కనిపిస్తాయి, వాటి కింద సిమెంటు మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. అప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "పౌడర్ కోటింగ్ చేయిస్తే ఇక బాధ ఉండదు కదా?" మంచి ప్రశ్నే. కానీ దానికి అవుననీ కాదనీ ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని నమ్మవద్దని నా సలహా. ఎందుకో చెబుతాను.

ముందు పౌడర్ కోటింగ్ అంటే ఏమిటో చూద్దాం. మామూలు పెయింటులో రంగు, దాన్ని పట్టి ఉంచే రెజిన్, ఈ రెండింటినీ పల్చన చేసే ద్రావకం ఉంటాయి. ద్రావకం అంటే మన తిన్నర్ లాంటిది. పెయింటు ఆరడమంటే ముఖ్యంగా ఆ ద్రావకం ఆవిరై గాలిలో కలవడమే. పౌడర్‌లో ద్రావకం లేదు. రెజిన్, రంగు, గట్టిపరిచే రసాయనం అన్నీ కలిపి కరిగించి, చల్లార్చి, మెత్తగా పొడి కొడతారు. 1950ల మొదట్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే శాస్త్రవేత్త అడుగు నుంచి గాలి ఊది పొడిని ద్రవంలా కదిలేట్టు చేసి, వేడెక్కించిన లోహపు వస్తువును అందులో ముంచే పద్ధతి కనిపెట్టాడు. 1953లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి 1960లలో వచ్చింది. గన్ నుంచి బయటికొచ్చే పొడికి 60 నుంచి 100 కిలోవోల్టుల ఛార్జి ఇస్తారు, వస్తువును ఎర్త్ చేస్తారు, పొడి వెళ్లి దానికి అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో పెడతారు. లోహం సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కి 10 నిమిషాలో, కాస్త ఎక్కువో ఆ వేడిలో నిలిస్తే పొడి కరిగి, పారి, రసాయనికంగా అల్లుకుని గట్టి పొరగా మారుతుంది. ఆ తర్వాత మళ్లీ వేడి చేసినా కరగదు.

ఒక్క వరసలోనే 60 నుంచి 80 మైక్రాన్ల మందం వస్తుంది. మన తల వెంట్రుక మందం దాదాపు అంతే. ద్రవ పెయింటుతో ఆ మందం రావాలంటే రెండు మూడు కోట్లు వేయాలి, మధ్యలో ఆరబెట్టాలి, ధారలు కట్టకుండా చూసుకోవాలి. వస్తువుకు అంటకుండా పక్కకు పోయిన పొడిని పోగుచేసి మళ్లీ వాడుకోవచ్చు. ద్రవ పెయింటులో అలా పోయింది పోయినట్టే. ద్రావకం లేదు కాబట్టి గాలి పాడవదు. ఎండలో ఓజోన్ పుట్టడానికి కారణమయ్యే ఆవిర్లతో బాధపడే షికాగో ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. స్ప్రే బూత్‌లో రోజంతా నిలబడి పనిచేసే మనిషి ఊపిరితిత్తులకు అసలే చిన్న విషయం కాదు. పొడి గాలిలో దట్టంగా లేస్తే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఎర్తింగు, గాలి పీల్చే ఏర్పాటు సరిగా ఉండాలి. అయినా మొత్తం మీద చూస్తే కార్మికుడికి ఇదే మేలైన పద్ధతి. ఈ కారణాలన్నిటి వల్లా ఇంట్లో ఫ్రిజ్ నుంచి పార్కులో బల్ల దాకా పౌడర్ కోటింగ్ చేరిపోయింది. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది. దాన్ని కాదనడానికి ఈ ప్రసంగం చేయడం లేదు.

అయితే దాని స్వభావం తెలుసుకోవాలి. పౌడర్ కోటింగ్ ఒక అడ్డుగోడ మాత్రమే. నీటినీ ఉప్పునూ ఇనుము దాకా రానివ్వదు. ఎక్కడైనా గోడకు కన్నం పడితే అక్కడ ఇనుమును కాపాడే శక్తి దానికి వేరే లేదు. కన్నాలు పడే చోట్లు ముందే తెలుసు. కరిగి పారేటప్పుడు పూత పదునైన అంచుల నుంచి వెనక్కి లాగుకుంటుంది, అక్కడ పొర పల్చన. లోపలి మూలల్లోకి ఛార్జి ఉన్న పొడి సరిగా దూరదు. విద్యుత్ క్షేత్రం అక్కడికి చేరకుండా పక్క గోడలే దాన్ని లాగేసుకుంటాయి. ఇంజినీర్లు దీన్ని ఫారడే కేజ్ ప్రభావం అంటారు. కడ్డీ, అడ్డ పట్టీ కలిసే చోట, వెల్డింగు పక్కన అందుకే తుప్పు ముందు మొదలవుతుంది. ఇక చలికాలంలో మంచు పారతో చెక్కేటప్పుడు రెయిలింగు కాళ్లకు దెబ్బ తగలని ఇల్లు ఉండదు. ఒక్క గీత చాలు. ఆ గీతలోంచి ఉప్పునీరు పూత కిందికి పాకుతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద తుప్పు విస్తరిస్తూ ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద లోపం మరొకటి ఉంది. చాలామంది దాని గురించి ఆలోచించరు. మన రెయిలింగులు చాలావరకు బోలు గొట్టాలతో చేసినవి. పౌడర్ గన్ పూసేది బయటి వైపే. వెల్డింగులో సన్నని సందు ఉన్నా, పై మూత సరిగా లేకపోయినా ఉప్పునీరు గొట్టం లోపలికి దిగుతుంది. బయటికి పోయే దారి లేదు. లోపల అడుగున నిలిచి ఇనుమును తినేస్తుంది. జనవరిలో అదే నీరు గడ్డకట్టి, ఉబ్బి, గొట్టాన్ని నిలువునా చీల్చేస్తుంది కూడా. మనం బయట ఏ రంగు వేయాలా అని ఆలోచిస్తూ ఉంటాం, నాశనం లోపలి నుంచి వస్తూ ఉంటుంది.

దీనికి సరైన జవాబు దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే దొరికింది. 1837లో స్టానిస్లాస్ సోరెల్ అనే ఫ్రెంచివాడు ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. హాట్ డిప్ గాల్వనైజింగ్ అంటాం దాన్ని. జింకు సుమారు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తొట్టిని 450 డిగ్రీల దగ్గర ఉంచుతారు. శుభ్రం చేసిన ఇనుమును అందులో ముంచితే జింకు పైన అంటుకోవడమే కాదు, ఇనుముతో కలిసి మిశ్రలోహపు పొరలు కడుతుంది. ముందే తగిన చిల్లులు పెడితే కరిగిన జింకు గొట్టాల లోపలికి కూడా పారి అక్కడా పూత పడుతుంది. ఆ చిల్లులు లేకపోతే లోపల చిక్కుకున్న గాలి, తేమ ఒక్కసారిగా వ్యాకోచించి గొట్టం పేలిపోవచ్చు. అందుకే గాల్వనైజింగ్ చేయించదలచుకుంటే ఆ మాట రెయిలింగు తయారు చేసేవాడికి మొదటి రోజే చెప్పాలి, తయారయ్యాక కాదు.

జింకు గొప్పతనం దాని త్యాగంలో ఉంది. ఇనుమూ జింకూ తాకి ఉండగా తడి తగిలితే ముందు కరిగిపోయేది జింకు. గీత పడి ఇనుము బయటపడినా చుట్టూ ఉన్న జింకు తాను తరిగిపోతూ దాన్ని కాపాడుతుంది. పౌడర్‌కు లేని గుణం ఇది. మందమైన ఉక్కు మీద 85 మైక్రాన్ల సగటు మందం మామూలుగా అడుగుతారు. సాధారణ పట్టణ వాతావరణంలో జింకు ఏడాదికి ఒకటి రెండు మైక్రాన్లు తరుగుతుంది. అంటే కొన్ని దశాబ్దాల ఆయుష్షు. రోడ్డు ఉప్పు నేరుగా చిమ్మే చోట ఆ తరుగు ఎక్కువగానే ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణ పొలాల్లో నిలబడి ఉన్న హైటెన్షన్ టవర్లు ఎండకూ వానకూ అన్నేళ్లు ఆగుతున్నాయంటే కారణం ఈ జింకే.

మరి అందరూ గాల్వనైజింగే ఎందుకు చేయించరు? ఒక కారణం రూపం. బూడిదరంగు, మచ్చలు మచ్చలుగా ఉండే ఆ పైభాగం ఇంటి ముందు బాగుండదని అనుకుంటారు. పల్చటి రేకు ఆ వేడికి వంకర పోవచ్చు. ఖర్చు కూడా ఉంది. ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట వస్తుంది. ఉప్పు తగిలే చోట ఉక్కుకు జింకు, దాని మీద పౌడర్, ఈ రెండూ కలిపి వేయించడమే మేలు. దీన్ని డూప్లెక్స్ పద్ధతి అంటారు. పౌడర్ జింకును ఉప్పు నుంచి కాపాడుతుంది. గీత పడిన చోట జింకు ఇనుమును కాపాడుతుంది. జింకు తరిగినప్పుడు పుట్టే పదార్థం తుప్పులా అంత ఉబ్బదు కాబట్టి పై పూత పెచ్చులుగా లేవదు. రెండింటి ఆయుష్షూ విడివిడిగా కూడితే వచ్చేదానికి ఒకటిన్నర నుంచి 2.3 రెట్లు ఈ జోడీ నిలుస్తుందని గాల్వనైజింగ్ పరిశ్రమవాళ్ల లెక్క. దీనికీ ఒక మెలకువ కావాలి. జింకు పొరలో చిక్కుకున్న వాయువులు ఓవెన్ వేడికి బయటికొచ్చి పౌడర్‌లో సూది కన్నాలు పెడతాయి. ముందుగా ఖాళీ వస్తువును ఓవెన్‌లో వేడిచేసి ఆ వాయువులను పోనివ్వాలి, జింకు పైభాగాన్ని సున్నితంగా గరుకు చేయాలి. ఇది తెలిసిన షాపుకే ఆ పని ఇవ్వాలి.

తొట్టిలో ముంచే వీలు లేకపోతే ఇంకో దారి ఉంది. జింకు పాలు ఎక్కువగా ఉన్న ఎపాక్సీ పౌడర్‌ను ముందు ప్రైమర్‌గా వేసి, దాని మీద పాలియెస్టర్ పౌడర్ వేయవచ్చు. ఎపాక్సీ ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది కానీ ఎండకు ఆగదు, సుద్దలా పొడి రాలుతుంది. పాలియెస్టర్ ఎండకు ఆగుతుంది. ఆరుబయట పెట్టే వస్తువుకు పైపూతగా ఎపాక్సీ ఒక్కటే వేస్తామంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు పూతకు ముందు జరిగే పని సంగతి. మన ఊళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లను చూసినవారు ఈ మాట వెంటనే ఒప్పుకుంటారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. గిన్నెను కొలిమి మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం రాసి గుడ్డతో తుడవడం నిమిషాల పని. అంతకు ముందు గిన్నెలో ఇసుక పోసి, అందులో నిలబడి కాళ్లతో తిప్పి తిప్పి తోమడమే అసలు కష్టం. జిడ్డు ఉన్న చోట తగరం అంటదు. పౌడర్ కోటింగ్‌లో కూడా సరిగ్గా అంతే. హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ఈ పని చేసేవారు సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ అంటారు: జిడ్డు తీయడం, కడగడం, యాసిడ్‌లో తుప్పు తీయడం, మళ్లీ కడగడం, ఫాస్ఫేట్ పొర ఎక్కించడం, మళ్లీ కడగడం, చివర ఆ పొరను స్థిరపరచడం. అమెరికాలో చాలా ఫ్యాక్టరీలు ఇదే పనిని సొరంగంలాంటి వాషర్‌లో పంపి స్ప్రేలతో చేస్తాయి. పెద్ద వస్తువులకు గరుకు రేణువులను గాలితో కొట్టి ఉక్కును తెల్లగా తేలుస్తారు. ఫాస్ఫేటుకు బదులు ఇప్పుడు జిర్కోనియం పొరలు కూడా వాడుతున్నారు. పద్ధతి ఏదైనా ఆ పొర మందం మైక్రాన్లలోనే, కొన్నిసార్లు అంతకంటే తక్కువే. పైన పూత పడ్డాక కంటికి కనిపించదు. కానీ పూత పదేళ్లు ఉంటుందా, రెండేళ్లకు లేస్తుందా అన్నది తేలేది అక్కడే. తిన్నర్ గుడ్డతో తుడిచి పౌడర్ కొట్టిన రెయిలింగూ, అన్ని దశలూ దాటిన రెయిలింగూ డెలివరీ రోజున ఒకేలా మెరుస్తాయి. కొనేవాడికి తేడా తెలియదు. అందుకే ఈ రంగంలో నిజాయితీగా పనిచేసే షాపులకు అన్యాయం జరుగుతోందని నా బాధ. తక్కువ ధర చెప్పినవాడు వదిలేసింది ఏమిటో అడిగేవారు తక్కువ.

ద్రవ పెయింటును తక్కువ చేయకూడదు. అరోరా నుంచి ఫాక్స్ నది వెంట కిందికి వెళితే ప్లేనో అనే చిన్న ఊరి దగ్గర ఫార్న్స్‌వర్త్ హౌస్ ఉంది. మీస్ వాన్ డెర్ రోహె రూపకల్పన చేసిన గాజు ఇల్లు, 1951లో పూర్తయింది. ఉక్కు స్తంభాలకు, దూలాలకు తెల్ల పెయింటు. నది ఆ ఇంటిని ఎన్నోసార్లు ముంచింది. 1996, 2008 వరదలు బాగా దెబ్బతీశాయి. అయినా ఆ తెలుపు తిరిగి వస్తూనే ఉంది, ఎందుకంటే ద్రవ పెయింటును వస్తువు ఉన్న చోటే గీకి, ప్రైమర్ వేసి, మళ్లీ పూయవచ్చు. ఇంటిని ఓవెన్‌లో పెట్టలేం. వంతెనను పెట్టలేం. కట్టేసిన గేటును ఊడదీసి షాపుకు మోయడం కంటే గుమ్మంలోనే రెడ్ ఆక్సైడ్ ప్రైమరూ, ఎనామిలూ వేసుకోవడం చాలా సందర్భాల్లో తెలివైన పని. పౌడర్ పూత దెబ్బతింటే దానికి వేసే అతుకు కూడా చివరికి ద్రవ పెయింటే.

అల్యూమినియం కథ వేరు. దానికి ఎర్ర తుప్పు లేదు, జింకులో ముంచే అవసరమూ లేదు. దానికి ఉన్న గొప్ప పద్ధతి ఆనోడైజింగ్. యాసిడ్ తొట్టిలో విద్యుత్తు పంపి లోహం మీదే దాని ఆక్సైడును పెంచుతారు. 1923లో బ్రిటన్‌లో సముద్ర విమానాల భాగాలకు క్రోమిక్ యాసిడ్‌తో మొదలైంది. తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్ పద్ధతి వ్యాపించింది. మందం 5 నుంచి 25 మైక్రాన్లే, కానీ అది పైన అంటించిన పొర కాదు, లోహంలోంచి పుట్టిన పొర. పెచ్చులుగా లేవడానికి అక్కడ ఏమీ లేదు. షికాగోలో 1969 నాటి జాన్ హాంకాక్ భవనం, ఇప్పుడు విల్లిస్ టవర్ అంటున్న సియర్స్ టవర్ నల్లగా నిలబడింది ఆనోడైజ్ చేసిన అల్యూమినియం తొడుగుతోనే. రంగులు మాత్రం కొన్నే దొరుకుతాయి; తడి సిమెంటు పడితే మచ్చలు పడతాయి, అవి పోవు. కిటికీ చట్రాలకు నచ్చిన రంగు కావాలంటే పౌడరే వేయించాలి. అలా వేయించేటప్పుడు అమెరికాలో ఆమా 2603, 2604, 2605 అనే మూడు ప్రమాణాలు ఉన్నాయని గుర్తుంచుకోండి. దక్షిణ ఫ్లోరిడా ఎండలో మొదటిదానికి ఒక ఏడాది, రెండోదానికి అయిదేళ్లు, మూడోదానికి పదేళ్లు పెట్టి చూస్తారు.

క్రోమ్ పూత గురించి క్లుప్తంగా చెబుతాను. ఆ మెరుపుకు సాటి లేదు. కానీ పైన కనిపించే క్రోమియం అర మైక్రాను కూడా ఉండదు. ఇనుమును కాపాడేది దాని కింది నికెల్. దానిలో సన్నని రంధ్రాలుంటే ఇక్కడి ఉప్పు వెతుక్కుని దూరుతుంది. ఆ పూత వేసే తొట్టిలో చాలాచోట్ల వాడే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కలిగిస్తుంది. 2006లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ పనిచేసే చోట గాలిలో ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదని పరిమితి పెట్టింది. అలంకారం కోసం అంత ప్రమాదం కొనితెచ్చుకోవాలా అన్నది నా ప్రశ్న.

కారు బాడీకి మాత్రం వేరే ఏర్పాటు ఉంది. మొత్తం బాడీని నీటిలో కలిపిన పెయింటు తొట్టిలో ముంచి విద్యుత్తు పంపుతారు. పూత పడిన చోట విద్యుత్తు ఆగి, పడని చోటికి వెళుతుంది. అందువల్ల తలుపుల లోపలా, బోలు భాగాల లోపలా కూడా 20 మైక్రాన్ల పొర సమంగా పడుతుంది. ఫోర్డ్ కంపెనీ 1960లలో దీన్ని వాడుకలోకి తెచ్చింది. ఇప్పటి కార్లు ఇల్లినాయ్ ఉప్పును ఇన్నేళ్లు తట్టుకోవడానికి గాల్వనైజ్డ్ రేకు, ఈ-కోట్ అనే ఈ పూత, రెండూ కారణం. పైన కనిపించే రంగుకు ఆ ఘనతలో వాటా తక్కువ.

పూతే అక్కర్లేని లోహం సంగతి చెప్పకపోతే అరోరా గురించి మాట్లాడినట్టు కాదు. 1849లో అరోరా బ్రాంచ్ రైల్‌రోడ్ అనే చిన్న కంపెనీగా పుట్టి బర్లింగ్టన్ రైల్వేగా పెరిగిన సంస్థ 1934 మే 26న జెఫిర్ అనే కొత్త రైలును డెన్వర్ నుంచి షికాగోకు ఆగకుండా నడిపింది. వెయ్యి మైళ్లకు పైగా దూరం, 13 గంటల 5 నిమిషాలు. అరోరా మీదుగానే ఆ రైలు షికాగో చేరింది. దాని బాడీ మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలు, పెయింటు లేదు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న ఉక్కు. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి ఆనని పొర కడుతుంది. గీత పడితే ఆ పొర తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. షికాగో విజ్ఞాన, పరిశ్రమల మ్యూజియంలో ఆ రైలు ఇప్పటికీ ఉంది, పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. స్టెయిన్‌లెస్ కూడా ఉప్పుకు పూర్తిగా అతీతం కాదు. మామూలు 304 రకంపై క్లోరైడు చిన్న చిన్న గుంటలు పెడుతుంది. సముద్రపు ఒడ్డున, ఉప్పు చిమ్మే చోట మాలిబ్డినం కలిపిన 316 రకం మంచిది. ఖరీదు సంగతి మీకు తెలిసిందే.

సముద్రం అన్నాను కాబట్టి మరో మాట. ఇక్కడ ఉంటూ విశాఖలోనో, కాకినాడలోనో, మచిలీపట్నంలోనో ఇల్లు కట్టిస్తున్నవారు మనలో చాలామంది. ఫోనులో డిజైను పంపి గేటు, బాల్కనీ గ్రిల్ ఆర్డరు ఇస్తారు. అక్కడ మంచు లేదు, రోడ్డు ఉప్పు లేదు. కానీ సముద్రపు గాలి ఏడాది పొడుగునా మోసుకొచ్చేది అదే క్లోరైడు, పైగా వేడి, తేమ తోడు. అరోరా రెయిలింగుకు శత్రువు నాలుగైదు నెలలు ఉంటే విశాఖ గ్రిల్‌కు పన్నెండు నెలలూ ఉంటుంది. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు మీద నేరుగా పౌడర్ కొట్టించే బదులు జీఐ (గాల్వనైజ్డ్) పైపు తీసుకోమని, వెల్డింగు చేసిన చోట కాలిపోయిన జింకును తిరిగి వేయించమని చెప్పండి. లేదా గ్రిల్ మొత్తం తయారయ్యాక తొట్టిలో ముంచి గాల్వనైజ్ చేయించి, తర్వాత పౌడర్ వేయించండి. కొంత ఖర్చు ఎక్కువే. కానీ ఊరికి దూరంగా ఉండేవాడికి ఏటేటా గీకించి పెయింటు వేయించడం కంటే అది తక్కువే పడుతుంది.

ఇక్కడైనా, అక్కడైనా షాపుకు వెళ్లినప్పుడు రంగు కార్డు చూసే ముందు కొన్ని విషయాలు అడగండి. ఉక్కును ఎలా శుభ్రం చేస్తారు, ఎన్ని దశలు? జింకు ఉందా, ఏ రూపంలో? పైపూత పాలియెస్టరా? మందం కొలిచి చూపిస్తారా? అంచులు గుండ్రం చేస్తారా? గొట్టం అడుగున నీరు పోయే చిల్లు పెడతారా? కొటేషన్‌లో "నలుపు, మ్యాట్" అన్న రెండు మాటలే ఉంటే ఈ జవాబులన్నీ అందులో రాసివ్వమనండి. మంచి షాపువాడు ఈ ప్రశ్నలకు విసుక్కోడు, సంతోషిస్తాడు.

ఇప్పటికే రెయిలింగు ఉన్నవారు ఏటా ఏప్రిల్లో, ఆఖరి మంచు కరిగాక, తోట పైపుతో దాన్ని పై నుంచి కింద దాకా కడగండి. ముఖ్యంగా సిమెంటును తాకే చోట, వెల్డింగు మూలల్లో. ఎక్కడ గీత కనిపించినా అదే వారం ఇనుము తేలేదాకా రుద్ది, జింకు పాలు ఎక్కువగా ఉన్న ప్రైమర్ వేసి, దాని మీద రంగు పూయండి. వచ్చే చలికాలం దాకా ఆగవద్దు.